కొసరు వద్దన్న మనిషి

పోయినవారం మనం సొన్‌హ్వాను ఆమె పులుసు కొట్లో, కట్టిపెట్టుకున్న సంచీ పక్కన కూర్చోబెట్టి వచ్చేశాం. పాపం, ఇంకా అక్కడే ఉంది.

ఆమె సంగతి తెలిసినవాళ్లు ఈ నాలుగు ముక్కలూ దాటేసి చదువుకోవచ్చు. తెలియనివాళ్లకు చెప్పాలి. సొక్చో రేవులో, ఇనపతాడు పట్టుకుని లాగే పడవ దిగగానే ఎదురుగా ఉండే కొట్టు సొన్‌హ్వాది. ఊరంతా ఆమెను కొసొంగ్ కొండల మనిషి అనుకుంటోంది. కాదు. ఆమె సరిహద్దుకు అవతల, ఉత్తర కొరియాలో పుట్టిన మనిషి. అక్కడి సర్కారు లెక్కలో ఆమె తుమన్ నదిలో కొట్టుకుపోయి చచ్చిపోయింది. ఆ చావు నిలబడ్డన్నాళ్లూ అక్కడున్న తల్లికీ, కొడుకు కాంగుక్‌కీ ఢోకా లేదు. ఆమె బతికి దక్షిణాదికి చేరిందని తెలిసిన రోజున ఆ ఇద్దరినీ గనులకు తోలేస్తారు. అందుకని ఇన్నేళ్లుగా ఆమె చేస్తున్న అసలు పని పులుసు కాయడం కాదు, చచ్చిపోయినట్టు బతకడం.

మరి సంచీ ఎందుకు కట్టిందంటారా? వారం రోజులుగా కొట్టుకు వస్తున్న ప్యో గారు నిన్న పులుసు జుర్రుకుంటూ ఒక మాట అన్నాడు. రేవు దగ్గర ఎవడో ఉత్తరాది ఆడమనిషి కోసం వాకబు చేస్తున్నాడట అని. అంతే, సొన్‌హ్వాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆ భయానికి సాకుగా, తాగుబోతు మొగుడు వెతుక్కుంటూ వచ్చాడని ఓ అబద్ధం అల్లి చెప్పింది. ప్యో గారు ఆరా తీయలేదు. "సియోల్లో మా అక్క ఇల్లుంది. నా కార్లో దింపుతాను, కొన్నాళ్లు తలదాచుకోండి," అన్నాడు. ఇవాళ మధ్యాహ్నం ఆ కారు వస్తుంది.

బయట వానా మంచూ కలిసి పడుతున్నాయి. కొట్లో పచ్చళ్ల రోజుల సంత. ఏడాదికి సరిపడా కిమ్చీ పెట్టుకునే కాలం కదా, గోడవారన క్యాబేజీల గుట్ట, గుమ్మం పక్కన బుట్ట నిండా తెల్లటి ముల్లంగి దుంపలు. పొయ్యి పక్కన పొక్‌సున్ అవ్వ కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. ఆ అవ్వదే ఒకప్పుడు ఈ కొట్టు. యుద్ధంలో చిన్నపిల్లగా తల్లి వీపున పడి ఓడెక్కి, ఉత్తరం నుంచి వచ్చేసింది. సొన్‌హ్వా గుట్టు తెలిసిన ఒకే ఒక్క మనిషి ఆవిడ.

"వెళ్లే తీరాలటే?" అంది అవ్వ.

"కొన్నాళ్లే అవ్వా."

"ఆ ప్యో నీకేమవుతాడు, మేనమామా? కారెక్కుతానంటున్నావు."

"మంచాయన."

"మంచాళ్లు మంచాళ్లే. కారు తలుపు పడేదాకా." అవ్వ ఒలిచిన వెల్లుల్లి గిన్నెలోకి విసిరింది. "పొద్దున పడవ లాగే ముసలాణ్ణి అడిగాను. వాకబు చేసినవాణ్ణి వాడసలు చూడనే లేదట."

"పడవలో అందరి ముఖాలూ చూస్తాడా ఏంటి?"

"ఈ ఊళ్లో కొత్త కుక్క దిగినా నాకొచ్చి చెబుతాడు ముండాకొడుకు."

సొన్‌హ్వా సంచీ ముడి మళ్లీ బిగించింది. భయం వేసినప్పుడు మనిషికి పట్టుకోవడానికి ఏదో ఒక కొమ్మ కావాలి, అది ఎండుకొమ్మని ఎవరైనా చెబితే కోపం వస్తుంది. ఆమెకు అవ్వ మీద కోపమే వచ్చింది.

అప్పుడే తలుపు జరిగింది. ప్యో గారు గొడుగు దులిపి, మడిచి, గోడకు ఆనించి లోపలికి వచ్చాడు. యాభై దగ్గర పడిన మనిషి. ఎండుచేపల బేరం అని చెప్పుకున్నాడు. మాట శుభ్రంగా, అచ్చం సియోల్ రేడియోలో చదివేవాడిలా ఉంటుంది. ఎవరితోనూ గట్టిగా మాట్లాడడు, ఎంగిలి గిన్నెలు తనే ఒకదాంట్లో ఒకటి పేర్చి పెడతాడు. సొన్‌హ్వాకు నచ్చింది ఆ పేర్చడమే. మొగుణ్ణి పోగొట్టుకున్నాక ఒక మగమనిషి మీద ఆమె మనసు మెత్తబడటం ఇదే మొదలు. ఆ మాట తనలో తను కూడా ఎప్పుడూ అనుకోలేదు కానీ, కథ చెప్పేవాణ్ణి నేను దాచడం దేనికి?

"కారు వెనక సందులో పెట్టానండీ ఓనరమ్మగారూ," అన్నాడు కూర్చుంటూ. "ముందర జనం ఎక్కువ. తొందరేం లేదు, సర్దుకోండి."

"తిని బయల్దేరదాం. ఒక్క క్షణం."

ఆమె అన్నం, పేగుల పులుసు వడ్డించింది. తర్వాత మళ్లీ పొయ్యి దగ్గరికి వెళ్లి, పొద్దున్నే పడవల మీంచి తెచ్చిన తోరుముక్ చేపలు నాలుగు కాల్చింది. చలి మొదలయ్యాక నెల్లాళ్లే దొరికే చేప, పొట్ట పగిలేంత జన. నిప్పుల మీద తోలు చిట్లి, గుడ్లు బయటికి ఉబికాయి. ఆ వాసనకు మూలన కూర్చున్న మాన్‌గిల్ తలెత్తాడు. ఒకప్పుడు కణవ చేపల పడవ నడిపినవాడు, ఇప్పుడు ఈ కొట్లో బల్లను నడుపుతున్నాడు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా.

ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. ఇంగ్లీషువాళ్ల సర్వీసు అన్న మాట కొరియా నోళ్లలో పడి సొబిసు అయింది. అయి, ఊరుకోలేదు. ఆ మాటకు ఈ దేశంలో వచ్చిన అర్థం వేరు, మన తెలుగులో దానికి అచ్చంగా సరిపోయే మాట ఉంది, కొసరు. చెప్పిన కూడు చెప్పినట్టు పెట్టాక, చెప్పనిది ఒకటి తెచ్చి పెట్టి "సొబిసు" అంటుంది కొట్టామె. దానికి డబ్బు ఉండదు. నువ్వు మావాడివయ్యావు అని దానర్థం. అసలు కంటే కొసరు ముద్దన్నది ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. కొసరు వచ్చిన రోజు ఇంటికెళ్లి పెళ్లాంతో చెప్పుకునే మగాళ్లున్నారు ఈ రేవులో.

సొన్‌హ్వా చేపల పళ్లెం ప్యో గారి ముందు పెట్టింది. కొంచెం సిగ్గు కూడా పడింది.

అతను పళ్లెం వంక చూశాడు. "ఇదేంటి?"

"తోరుముక్. ఇవాళే పడ్డాయి."

"నేను చెప్పలేదండీ."

"సొబిసు," అంది నవ్వుతూ.

"అయ్యో, సేవకేం లోటండీ, బాగానే చూసుకుంటున్నారు." మర్యాదగానే అన్నాడు. రెండు వేళ్లతో పళ్లెం అంచు పట్టుకుని, బల్ల మధ్యకు తోశాడు. తర్వాత కిటికీ వైపు ఒక చూపు, మాన్‌గిల్ వైపు ఒక చూపు. గొంతు తగ్గించాడు. "ఎవరు పంపారు ఇది?"

సొన్‌హ్వా చేతిలో గరిటె జారి సిమెంటు నేల మీద పడింది.

"ఓరి దేవుడా!" మాన్‌గిల్ పడీపడీ నవ్వాడు. "సొబిసయ్యా బాబూ, సొబిసు! ఊరికే ఇస్తోంది, తినవయ్యా! నాకు ఈ కొట్లో కొసరు పుట్టడానికి రెండేళ్లు పట్టింది, అదీ ఒక ఉల్లికాడ అట్టు ముక్క. నీకు వారానికే జన చేప! పైగా వద్దంటావా? సియోల్లో కొసరు వెయ్యరా ఏంటి?"

ప్యో గారు కూడా నవ్వాడు. నవ్వు సరిగ్గా అందాల్సిన చోట అందుకున్నాడు. "సియోల్లో మనుషులు పిసినార్లండీ. అలవాటు తప్పింది."

"తప్పదూ మరి! అక్కడ గాలి కూడా తూకమేసి అమ్ముతారు," అంటూ మాన్‌గిల్ పులుసులో తల దూర్చేశాడు. అతని మట్టుకు ఆ సంగతి అక్కడితో సరి.

సొన్‌హ్వాకు సరి కాలేదు. గరిటె తీసుకోవడానికి వంగింది కానీ లేవడం మర్చిపోయింది.

ఈ ఊరికి వచ్చిన కొత్తలో ఆమె సంతలో కణవ ముద్దలు కొన్నది. అమ్మే ఆమె పొట్లంలో రెండు రొయ్యలు కూడా వేసి, సొబిసు అంది. సొన్‌హ్వా వద్దంది. ఆమె బలవంతపెట్టింది. సొన్‌హ్వా పొట్లం అక్కడే వదిలేసి పరుగెత్తింది. ఎందుకంటే అవతల, అడక్కుండా గుమ్మంలోకి వచ్చిన గిన్నె వెనకాల ఎవరో ఒకరు ఉంటారు. ఆమె మొగుణ్ణి పట్టుకుపోయే ముందురోజు, ఏనాడూ ఉప్పురాయి ఇవ్వని, సర్కారు పెట్టిన పేటపెద్దావిడ నవ్వుకుంటూ మొక్కజొన్న సేమ్యాల గిన్నె పట్టుకొచ్చింది. ఇంట్లో ఎంతమంది ఉన్నారో చూసుకుని వెళ్లింది. ఆ గిన్నె ఎవరు పంపారని అడగనందుకు సొన్‌హ్వా ఇప్పటికీ తనను తను తిట్టుకుంటుంది. ఆరోజు సంతలోంచి పరుగెడుతున్న ఆమెను వెనకాలే వచ్చి పట్టుకున్నది పొక్‌సున్ అవ్వే. "ఎక్కణ్ణుంచి వచ్చావో నాకు తెలిసిందిలే, ఎవరికీ చెప్పను. ముందు ఆ రొయ్య తిను," అంది.

సియోల్లో పుట్టినవాడు కొసరు వద్దనొచ్చు. కడుపు నిండిందనొచ్చు, చేప గిట్టదనొచ్చు. ఎవరు పంపారని మాత్రం అడగడు. ఈ దేశంలో ఆ ప్రశ్న ఎవరికీ పుట్టదు. మాటను ఎవడైనా నేర్పగలడు, యాస నేర్పగలడు, నడక నేర్పగలడు. అడగని గిన్నె చూసి భయపడకుండా ఉండటం ఏ బళ్లో నేర్పుతారు?

ఆమె పైకి లేచేసరికి అవ్వ ఆమెనే చూస్తోంది. అవ్వకూ అర్థమైంది.

"ముల్లంగి అయిపోయిందే," అంది అవ్వ, ఒళ్లో పొట్టు దులుపుకుని లేస్తూ. "తెస్తాను."

"వానలో జాగ్రత్త అవ్వా."

"నాకేం, ఉప్పునీళ్లలో ఊరిన ప్రాణం. లే మాన్‌గిలూ, గొడుగు పట్టు. ముసలిదాన్ని ఒక్కదాన్నే పంపుతావా, సిగ్గులేకపోతే సరి."

"పులుసు సగముందే!"

"రాత్రికి వేడి చేసి పెడుతుందిలే. లే!"

మాన్‌గిల్ గొణుక్కుంటూ లేచాడు. పోలీసుఠాణా పడవ దాటాక, అవతలి ఒడ్డున ఉంది. వాళ్లిద్దరూ వానలో చిన్నగా అయిపోవడం సొన్‌హ్వా కిటికీ అద్దంలోంచి చూసింది.

ప్యో గారు చెంచా కింద పెట్టాడు.

"ముల్లంగికేనా అవ్వ వెళ్లింది?"

"ఆ."

"బుట్ట నిండా ఉందిగా."

పొయ్యి మీద పులుసు మరుగుతోంది. కత్తి చేతికి అందే దూరంలోనే ఉంది, కానీ దాంతో ఏం చెయ్యాలో ఆమెకు తోచలేదు.

"ఇప్పుడు గొడుగు పట్టుకెళ్లిన పెద్దాయన్ని చూశారా?" అన్నాడు ప్యో. "నన్ను సియోల్ పిసినారి అనుకున్నాడు. నవ్వేసి పులుసు తాగాడు. ఇక్కడ పుట్టిన వాళ్లెవరైనా అంతే చేస్తారు. మీరు నవ్వలేదు."

"గరిటె జారింది."

"ఎందుకు జారింది?" అతని గొంతులోంచి సియోల్ రేడియో మెల్లగా దిగిపోయింది. దాని కిందనుంచి వేరే యాస వచ్చింది. అమ్మ యాస అది, నది ఒడ్డు యాస. "ఆ తప్పు ఎవరు చేస్తారో తెలిసినవాళ్లకే భయం వేస్తుంది. మొదటిసారి మీరూ వెనక్కి తోశారా?"

"నేను కొసొంగ్ మనిషిని."

"సరే. కొసొంగే." తల ఊపాడు. "దాక్కోవడానికి మంచి చోటు చూసుకున్నారు. ఈ పేటలో ముసలాళ్లందరిదీ ఆ యాసే, ఎవరు ఎప్పుడొచ్చారో తేలదు. వారం రోజులు మీ పులుసు తిన్నాను. మీరు అవునో కాదో తేల్చుకోలేకపోయాను. రేవులో మనిషి ఉన్నాడని గాలివార్త వదిలాను, బెదిరారు. కానీ బెదిరే ఆడవాళ్లకేం, ఊరికి పదిమంది. ఇప్పుడు తేలింది."

నాలుగు చేపలు కాల్చినందుకు ఇదా! ఏళ్ల తరబడి నోరు కట్టుకుని, నిద్రలో కూడా సొంత యాస రానివ్వకుండా కాపాడుకున్న చావును, ఒక మనిషి మీద ముచ్చటపడి పళ్లెంలో పెట్టి తనే ఇచ్చేసింది. సొన్‌హ్వాకు ఏడుపు రాలేదు. తన మీద తనకు అసహ్యం వేసింది. అమ్మ ముఖం, కాంగుక్ ముఖం కళ్ల ముందుకొచ్చాయి. కాంగుక్ ముఖం ఇంకా చిన్నపిల్లాడిదే, ఆ తర్వాతది ఆమెకు తెలియదు కదా.

"ఏం కావాలి మీకు?" అంది. తన గొంతు కూడా నది ఒడ్డుకు వెళ్లిపోయిందని ఆమెకు మాట అయిపోయాక తెలిసింది.

ప్యో ఇందాక మధ్యకు తోసిన పళ్లెం మళ్లీ దగ్గరికి లాక్కుని తినడం మొదలుపెట్టాడు. తీరుబడిగా, ముళ్లు ఏరుతూ తిన్నాడు. ఒక్కొక్క చేప పొట్టలోంచి జన ముద్ద చెదరకుండా తీసి, అన్నం గిన్నె మూత మీద పెట్టాడు. రెండోదీ అలాగే. మూడోదీ.

సొన్‌హ్వా చూపు ఆ మూత మీదే ఉండిపోయింది. చలికాలాల్లో, అవతల, ఏ ఏడాదైనా అదృష్టం బాగుండి చేప దొరికితే కాంగుక్ ఇలాగే చేసేవాడు. మాంసం తను తిని, జన తీసి మూత మీద పెట్టి, మూత ఆమె వైపు తోసేవాడు. "నాకు ఆకలి లేదురా, నువ్వు తిను," అనేది ఆమె. ఎప్పుడూ అదే మాట. "నీకే అమ్మా," అనేవాడు వాడు. ఎప్పుడూ అదే మాట. ఇది వాళ్ల గుడిసెలో, వాళ్లిద్దరి మధ్య జరిగిన సంగతి. దీన్ని ఎవరికీ ఎవరూ చెప్పరు, ఇందులో చెప్పేందుకు ఏముంది గనక?

నాలుగో ముద్ద కూడా మూత మీదకు చేరింది. ప్యో చేతులు తుడుచుకున్నాడు. ఒక వేలితో మూతను బల్ల మీదుగా నెమ్మదిగా ఆమె వైపు తోశాడు.

"సొబిసు," అన్నాడు.

అతను అడిగిన ప్రశ్నే ఆమె నోట వచ్చింది. "ఎవరు... ఎవరు పంపారు ఇది?"

"కాంగుక్."

ఆమె బల్ల మీదికి వంగింది.

"బతికే ఉన్నాడా? ఎక్కడున్నాడు? చెప్పు! వాణ్ణి ఏం చేశారు?"

"కార్లో మాట్లాడుకుందాం."

"నువ్వెవరు?"

"అదీ కార్లోనే." అతను లేచి గొడుగు తీసుకున్నాడు. ముఖంలో బెదిరింపూ లేదు, జాలీ లేదు. "బలవంతం లేదు. అవ్వ పోలీసులను తెచ్చేలోపు వస్తే వస్తారు. లేకపోతే నేను వెళ్లిపోతాను. మళ్లీ ఈ ఊరు రాను, ఇంకెవరూ రారు." అలవాటు ప్రకారం ఎంగిలి గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పేర్చాడు, మూత ఒక్కటి వదిలేసి. వెనక తలుపు తీసుకుని సందులోకి వెళ్లాడు. కారు ఇంజను మొదలైన చప్పుడు వినిపించింది.

కొట్లో ఆమె ఒక్కతే మిగిలింది.

ప్యో ఉత్తరాది సర్కారు పంపిన వేటగాడైతే కాంగుక్ ఎర. వెళ్తే తనూ కొడుకూ ఇద్దరూ పోతారు. వాడు కబురు మోసుకొచ్చినవాడే అయితే, ఇప్పుడు పోలీసుల చేతిలో పడితే ఆ కబురు ఠాణా గోడల మధ్యే చస్తుంది. ఏది నిజమో తేల్చుకునేందుకు ఆమె దగ్గర ఏముంది? మూతలో నాలుగు జన ముద్దలు, చల్లారిపోతున్నాయి. ఇన్నేళ్లూ చచ్చిపోయినట్టు ఉన్నది ఎవరి కోసం? కాంగుక్ కోసమే. వాడే పిలిచాక కూడా చచ్చిపోయినట్టే ఉండాలా?

రేవు వైపు నుంచి ఇనపతాడు కిర్రుమంటున్న చప్పుడు వచ్చింది. పడవ తిరిగి వస్తోంది. అవ్వ గొంతు, వెనకాల బరువైన బూట్ల చప్పుడు, ఒకటి కాదు, చాలా.

సొన్‌హ్వా మూత చేతిలోకి తీసుకుంది. జీవితంలో మొదటిసారి ఆకలి లేదని అనలేదు. ఒక్కొక్క ముద్దే నోట్లో పెట్టుకుని నమిలింది. గుడ్లు పళ్ల కింద పటపటమని చిట్లాయి. అప్పుడు ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే ఏప్రన్ విప్పి మేకుకు తగిలించింది, సంచీ భుజాన వేసుకుంది.

తర్వాత వీధి తలుపు దగ్గరికి వెళ్లి లోపలి నుంచి గడియ పెట్టింది.

వెనక తలుపు దాటుతుండగా వినబడింది, అవ్వ రెండు చేతులతో తలుపు బాదుతోంది. "అమ్మీ! తలుపు తియ్యి! వాడి మాట నమ్మకు, తియ్యవే తలుపు!"